పిల్లల వింటర్ కోటు సైజు కుదరకపోతే: ఇంట్లో కుట్టుకోవాలా, టైలర్‌కి ఇవ్వాలా, వేరేది కొనాలా?

అక్టోబర్ వచ్చిందంటే అమెరికాలో చలి ఊళ్ళల్లో ఉండే మన వాళ్ళ ఇళ్ళల్లో ఒకటే ప్రశ్న, పోయినేడు కొన్న కోటు ఈ ఏడు పిల్లలకి పనికొస్తుందా లేదా అని. చికాగో, మినియాపొలిస్, డెట్రాయిట్, బోస్టన్, అటు టొరంటో, ఎక్కడైనా సరే నవంబర్ నుంచి మార్చి దాకా రోజూ వేసుకునేది అది. స్కూల్లో రిసెస్‌కి, అంటే ఆటల విరామానికి, బయటికి పంపిస్తారు, పొద్దున్నే బస్ స్టాప్‌లో నిలబడాలి, కాబట్టి కుదరని కోటుతో ఎలాగో సర్దుకుపోదాం అంటే కుదరదు, పిల్లలు నిజంగానే వణికిపోతారు.

పిల్లలు నాలుగైదేళ్ళ నుంచి తొమ్మిది పదేళ్ళ దాకా ఏడాదికి సుమారు 2 నుంచి 2.5 అంగుళాలు పొడుగు పెరుగుతారు, అందులో చెయ్యి వాటా ముప్పావు అంగుళం నుంచి అంగుళం అనుకోండి. అందుకే తేడా ముందు చేతుల దగ్గరే కనపడుతుంది, ఒళ్ళు ఇంకా సరిపోతూనే ఉంటుంది కానీ మణికట్టు బయటికొచ్చేస్తుంది. లేదా దీనికి రివర్స్, పెరుగుతాడు కదా అని రెండు సైజులు పెద్దది కొంటే వేళ్ళు కూడా కనపడవు, గ్లవ్స్ వేయడానికే రాదు.

నేను అనుకునేది ముందే చెప్పేస్తా. పిల్లల కోటుకి కత్తెర పెట్టకండి. దారం పీకేస్తే మళ్ళీ పాత సైజుకి వచ్చేసే పని అయితేనే ఆల్టర్ చేయండి, గుడ్డ కోయాల్సిన పని అయితే ఆ డబ్బులు ఇంకో కోటు మీద పెట్టండి. పెద్దవాళ్ళ కోటు పదేళ్ళు ఉంటుంది కాబట్టి కోసి కుట్టించినా గిట్టుబాటే, పిల్లలది ఒకటి రెండు చలికాలాలే, పైగా తర్వాత తమ్ముడికో చెల్లికో కజిన్‌కో వెళ్ళాల్సినది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే సగం కన్ఫ్యూజన్ పోతుంది.

ముందు కోటు వేసి చూడాలి, అదీ టీషర్ట్ మీద కాదు, లోపల స్వెటరో ఫ్లీసో (మెత్తటి నూగు గుడ్డ జాకెట్) వేసి, జిప్పు పైదాకా లాగి, చేతులు ముందుకి చాపమని, తర్వాత పైకెత్తమని చెప్పండి. చూడాల్సింది మొదట భుజం. భుజం కుట్టు భుజం ఎముక చివర దగ్గర కానీ ఒక అరంగుళం బయటికి కానీ ఉంటే పర్లేదు, లోపలికి ఉంటే చిన్నదైపోయినట్టే. కొన్ని కోట్లకి భుజం కుట్టు ఉండదు, మెడ నుంచి చంకకి ఏటవాలుగా కుట్టేసి ఉంటుంది, వాటికి చంక దగ్గర పట్టేస్తోందా, వీపు మీద గుడ్డ బిగిసి అడ్డంగా ముడతలు పడుతున్నాయా చూడండి. తర్వాత ఛాతీ. జిప్పు కష్టపడి పెట్టాల్సి వస్తే ఆ కోటు వెచ్చగా ఉండదు, ఎందుకంటే వెచ్చదనం ఇచ్చేది లోపలి దూదికన్నా దాని మధ్యలో చిక్కుకున్న గాలి, ఒళ్ళు లోపల్నుంచి నొక్కేస్తే ఆ గాలి ఉండే చోటే ఉండదు. మరీ వదులైనా కష్టమే, కింద నుంచి చల్లగాలి ఎక్కేస్తుంది.

భుజం, ఛాతీ చిన్నవైపోతే ఆలోచించక్కర్లేదు, ఏ టైలరూ దాన్ని బాగు చేయలేరు, చేస్తామన్నా వద్దనండి. పక్కన ముక్కలు వేసి వెడల్పు చేయొచ్చు కానీ ఆ గుడ్డ దొరకదు, లోపల దూది మ్యాచ్ అవ్వదు, నీళ్ళు ఆగవు. భుజం, ఛాతీ బాగుండి చేతులో పొడుగో మాత్రమే తేడా ఉంటే అప్పుడే కింద చెప్పేవన్నీ.

ఎక్కువమందికి వచ్చే కేసు చేతులు పొడుగు. దీనికి మూడు దారులు ఉన్నాయి. ఒకటి అంచు బయటికి మడిచేయడం, ఫ్రీ, కానీ ఆడుకుంటుంటే ఊడిపోతుంది, మడతలో మంచు నిండుతుంది, అది కరిగి లోపల గ్లవ్ తడుస్తుంది. రెండోది టైలర్‌తో కోయించి పొట్టి చేయించడం, చూడ్డానికి బాగుంటుంది, వచ్చే ఏడు మాత్రం ఏడుస్తాం. మూడోది నాకు బాగా నచ్చింది, లోపల లైనింగ్‌లో టక్కు పెట్టడం. మనవాళ్ళు ఆడపిల్లల పట్టు లంగాలకి కింద టక్కులు పెట్టి, పిల్ల పెరిగేకొద్దీ ఒక్కోటి విప్పేవాళ్ళు చూడండి, అచ్చం అదే పని, కాకపోతే ఇక్కడ టక్కు బయటికి కనపడదు.

ఎలా అంటే, కోటు చెయ్యిని లోపలిది బయటికి తిప్పండి, లైనింగ్ పైకొస్తుంది. అంచు నుంచి 4 అంగుళాల పైన లైనింగ్‌ని మాత్రమే, కింద దూది గానీ పై గుడ్డ గానీ రాకుండా, చుట్టూ పట్టుకుని మడత పెట్టండి. చెయ్యి అంగుళం పొట్టి కావాలంటే మడత లోతు అంగుళం ఉండాలి, అంటే మొత్తం 2 అంగుళాల లైనింగ్ ఆ మడతలోకి పోతుంది. చాలామంది ఇక్కడ అరంగుళం మడత పెట్టి, రెండు పొరలు కాబట్టి అంగుళం తగ్గిపోతుంది అనుకుంటారు, తగ్గదు. లైనింగ్ పొట్టి అయినప్పుడు పై గుడ్డ అంచు దగ్గర లోపలికి తిరుగుతుంది, బయటికి చెయ్యి అంగుళం తగ్గాలంటే ఆ అంచు 2 అంగుళాలు పైకి వెళ్ళాలి కదా, అదీ లెక్క. మడత కొస మణికట్టు వైపు వాలేలా పెట్టి కుట్టండి, లేకపోతే పిల్లలు చెయ్యి దూర్చినప్పుడల్లా వేళ్ళు మడతలో తట్టుకుంటాయి. మిషన్ అక్కర్లేదు, సూది దారం చాలు, దారం డబుల్ వేసుకుని దగ్గర దగ్గరగా చేతి కుట్టు వేస్తే ఒక చలికాలం హాయిగా ఆగుతుంది. దారం రంగు లైనింగ్‌కి మ్యాచ్ చేయకండి, ఎర్రదో పచ్చదో వేయండి, వచ్చే ఏడు విప్పేటప్పుడు ఏది మీ కుట్టో ఏది కంపెనీ కుట్టో వెంటనే తెలుస్తుంది.

ఇంట్లో అమ్మమ్మో నానమ్మో వచ్చి ఉంటే వాళ్ళకి ఈ మాట చెప్తే చాలు, అరగంట పని, మనకన్నా నీట్‌గా వేస్తారు.

అన్ని కోట్లకీ ఇది కుదరదు. లైనింగ్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని చూడండి, పై గుడ్డతో సంబంధం లేకుండా విడిగా జారుతుంటే టక్కు పెట్టొచ్చు. పై గుడ్డ నుంచి లైనింగ్ దాకా కలిపి అడ్డగీతలుగా కుట్టేసిన పఫర్ కోట్లు (దూదో ఈకలో కూరి ఉబ్బెత్తుగా ఉండేవి) ఉంటాయి, సన్నగా మడతపెట్టి సంచిలో పెట్టుకునేవి ఎక్కువగా ఇలాంటివే, వాటికి లైనింగ్ విడిగా రాదు కాబట్టి అంచు లోపలికి మడిచి నాలుగు చోట్ల టాకా వేయడమే. అంచులో ఎలాస్టిక్ ఉంటే అది లోపలికి తిరిగి మణికట్టుని పట్టుకునే ఉంటుంది, ఇంకా మంచిది. బయట వెల్క్రో పట్టీ ఉన్న కోటు అయితే మాత్రం టక్కు పెడితే పట్టీ లోపలికి పోయి పనికిరాకుండా పోతుంది, అలాంటప్పుడు అంగుళం లోపు తేడాకి ఏమీ చేయకండి, వెల్క్రో బిగించేస్తే మిగతా గుడ్డ మణికట్టు పైన పోగుపడి ఆగిపోతుంది.

ఇదే పనిని కంపెనీలే చేసి అమ్ముతాయి. కొలంబియాలో అవుట్‌గ్రోన్ అనీ, ఓబర్‌మేయర్‌లో ఐ-గ్రో అనీ, ల్యాండ్స్ ఎండ్‌లో కూడా ఇలాంటిది ఉంది, చెయ్యి లోపల రంగు దారంతో ఒక కుట్టు వేసి ఉంచుతారు, పిల్లలు పెరిగాక ఆ దారం తెంపేస్తే చెయ్యి ఇంచుమించు అంగుళంన్నర దాకా దిగుతుంది. కొత్త కోటు కొనే ఉద్దేశం ఎలాగూ ఉంటే ఒక సైజు పెద్దది కొని టక్కు పెట్టుకోవడం కన్నా ఇది బెటర్, ఎందుకంటే ఒళ్ళు సరైన సైజులో ఉండి చేతులకి మాత్రమే పెరిగే చోటు ఉంటుంది. కాకపోతే ధర ఎక్కువ, సీజన్ అయిపోయాక ఫిబ్రవరి మార్చిలో సేల్‌లో పట్టుకుంటే తప్ప ఒక్కగానొక్క పిల్లాడికి నేనైతే కొనను, ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉండి కిందవాళ్ళకి వెళ్తుంది అంటే ఆలోచించక్కర్లేదు, కొనేయండి. సెకండ్ హ్యాండ్‌లో ఇవి కొనేటప్పుడు లోపల దారం ఇంకా ఉందా, ముందు వాళ్ళు తెంపేశారా అని చూసుకోవాలి.

చేతులు పొట్టి అయిపోతే కొంచెం కష్టం. రెడీమేడ్ పఫర్లకి అంచు లోపల మార్జిన్ అస్సలు వదలరు, అరంగుళం ఉంటే ఎక్కువ, దింపడానికి ఏమీ ఉండదు. ఉన్ని కోటు అయితే అంగుళం, అంగుళంన్నర మార్జిన్ ఉండే ఛాన్స్ ఉంది, లైనింగ్ పక్కకి తీసి చూడండి. నైలాన్ గుడ్డ దింపితే పాత మడత గీత జన్మలో పోదు, ఉన్నికి ఆవిరి ఇస్త్రీ చేస్తే చాలావరకు పోతుంది. మార్జిన్ లేని కోటుకి నేను చెప్పే దారి రిబ్ కఫ్, అంటే స్వెటర్ చేతుల చివర ఉండే సాగే గుడ్డ, గుడ్డలు, కుట్టు సామాన్లు అమ్మే జోఆన్ స్టోర్లు 2025లో మూసేశాక ఇలాంటివి ఇప్పుడు ఆన్‌లైన్‌లోనో, హాబీ లాబీ లాంటి చోటో చూసుకోవాలి. దాన్ని రెండింతలు మడిచి చెయ్యి అంచు లోపల లైనింగ్‌కి కుట్టేస్తే 2 అంగుళాలు కవర్ అవుతుంది, గాలి కూడా ఆగుతుంది, నన్నడిగితే ఇది కోటుని ముందుకన్నా బాగు చేసే ఆల్టరేషన్. విప్పేయొచ్చు కూడా. అంత ఓపిక లేకపోతే పొడుగు మణికట్టు ఉన్న మిటెన్లు (వేళ్ళు విడివిడిగా లేని గ్లవ్స్) కొనండి, మోచేతి దాకా వచ్చేవి, తేడా అంగుళంలోపు ఉంటే ఆ చలికాలం గడిచిపోతుంది.

ఒళ్ళు వెడల్పు ఎక్కువైందని మాత్రం నడుము దగ్గర నాడా ఎక్కించకండి. మన చేతికి తొందరగా వచ్చే ఐడియా అదే, పైజామాకి వేసినట్టు ఒక బొందు వేసి లాగేద్దాం అనిపిస్తుంది, దయచేసి వద్దు. హుడ్ తాళ్ళు పార్కులో జారుడుబల్ల దగ్గర చిక్కుకుని, నడుము తాళ్ళు స్కూల్ బస్ తలుపులో, రైలింగ్‌లో ఇరుక్కుని పిల్లల ప్రాణాలు పోయాయి. అందుకే అమెరికాలో కన్స్యూమర్ ప్రోడక్ట్ సేఫ్టీ కమిషన్ 1996లో గైడ్‌లైన్స్ ఇచ్చి, 2011లో రూలే చేసింది. 2టి (రెండేళ్ళ పిల్లల సైజు) నుంచి 12 సైజు దాకా కోట్లకి హుడ్ దగ్గర, మెడ దగ్గర తాడు అసలు ఉండకూడదు, 16 సైజు దాకా నడుముకో కింది అంచుకో తాడు ఉంటే కోటు పూర్తిగా పరిచినప్పుడు బయటికి 3 అంగుళాలు మించకూడదు, చివర ముడి గానీ ప్లాస్టిక్ బిళ్ళ గానీ ఉండకూడదు, మధ్యలో గుడ్డకి కుట్టేసి ఉండాలి. థ్రిఫ్ట్ స్టోర్లో పాత కోటు దొరికితే, ఎవరైనా ఎప్పటిదో అట్టపెట్టెలోంచి తీసిచ్చినా, ముందు హుడ్ తాడు ఉందేమో చూసి మొత్తం లాగేయండి. నేను కత్తెర వద్దన్న మాటకి ఇది ఒక్కటే మినహాయింపు.

వెడల్పు తగ్గించాలంటే లోపల వీపు వైపు లైనింగ్ మీద ఒక చిన్న ఎలాస్టిక్ ముక్క సాగదీసి కుట్టేయండి, బయటికి ఏమీ వేలాడదు. లోపల ఇంకో ఫ్లీస్ జాకెట్ వేస్తే ఆ కుట్టు కూడా అక్కర్లేకుండానే వదులు పోతుంది, ఆ ఫ్లీస్ సెప్టెంబర్‌లోనూ ఏప్రిల్‌లోనూ విడిగా వేసుకోడానికి పనికొస్తుంది. కోటు పొడుగు మోకాలు దాటి మెట్లెక్కేటప్పుడు తొక్కుకునేలా ఉంటే కింద కూడా అదే లైనింగ్ టక్కు, కాకపోతే ముందు జిప్పు అడ్డొస్తుంది, జిప్పుకి రెండు వైపులా రెండేసి అంగుళాలు వదిలేసి మిగతా చుట్టూ వేయాలి, అంత అందంగా రాదు, పిల్లల కోటుకి పర్లేదు.

గుడ్డ సంగతి. లోపల పాలిస్టర్ దూది అయితే ధైర్యంగా కుట్టొచ్చు. డౌన్ అంటే బాతు ఈకల కోటు అయితే సూది పడ్డ ప్రతి చోటా ఈక బయటికి రావడం మొదలెడుతుంది, పై గుడ్డకి పిన్నులు గుచ్చకండి, బట్టల క్లిప్పులు పెట్టుకోండి, కుట్టక తప్పకపోతే 70 నంబర్ సన్న సూది వాడండి, బయటికొచ్చిన ఈకని లాగకండి, వెనక నుంచి లోపలికి పట్టుకుని లాగేయాలి, బయటికి లాగితే ఒకదాని వెంట ఇంకోటి వస్తాయి. వాటర్‌ప్రూఫ్ కోట్లు, స్కీ జాకెట్లు, వీటి కుట్ల మీద లోపల టేప్ అంటించి ఉంటుంది, దాని మీద కుడితే చిల్లుల్లోంచి నీళ్ళు దిగుతాయి, మళ్ళీ సీమ్ సీలర్, అంటే కుట్టు చిల్లులు మూసే జిగురు, పూయాలి. లైనింగ్‌లో టక్కు అయితే ఈ తలనొప్పులేవీ లేవు, పై గుడ్డని సూది ముట్టుకోదు. నైలాన్ కోట్లకి ఇస్త్రీ అసలు పెట్టొద్దు, కరిగిపోతుంది.

ఇక టైలర్. ఇక్కడ డ్రై క్లీనింగ్ షాపుల్లో ఆల్టరేషన్ చేసేవాళ్ళు లైనింగ్ ఉన్న కోటుకి చేతులు పొట్టి చేయడానికి 30, 40 డాలర్లు అడగడం మామూలే, పెద్ద ఊళ్ళల్లో ఇంకా ఎక్కువ. టార్గెట్, వాల్‌మార్ట్, కాస్ట్‌కోలో పిల్లల కోటే ఇంచుమించు ఆ ధరకి వచ్చేస్తుంది, వన్స్ అపాన్ ఎ చైల్డ్ లాంటి సెకండ్ హ్యాండ్ షాపుల్లో అందులో సగం. కాబట్టి మామూలు పఫర్‌ని టైలర్‌కి ఇవ్వడం నా దృష్టిలో దండగ. మంచి ఉన్ని కోటు, ఫంక్షన్ల కోసం కొన్న బ్లేజర్, వంద డాలర్లు పైన పెట్టిన స్కీ జాకెట్, వీటికైతే ఇవ్వొచ్చు, ఇచ్చేటప్పుడు "గుడ్డ కోయకండి, మిగిలింది లోపలే మడిచి ఉంచండి" అని గట్టిగా చెప్పండి, చెప్పకపోతే వాళ్ళ అలవాటు కొద్దీ కోసేస్తారు.

వేసవి సెలవుల్లో ఇండియా వెళ్తున్నాం కదా, అక్కడ చేయించేద్దాం అని చాలామంది సూట్‌కేసులో కోట్లు పెట్టుకెళ్తారు. బ్లేజర్లు, ఉన్ని కోట్లకి ఇది నిజంగా బెస్ట్, హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లో పెళ్ళి సూట్లు కుట్టే టైలర్లకి భుజం దగ్గర నుంచి అంతా తెలుసు, లైనింగ్ విప్పి వేసి ఇవ్వడం వాళ్ళకి రోజూ పని, ఖర్చు కూడా ఇక్కడితో పోలిస్తే చాలా తక్కువ. పఫర్లు మాత్రం ఇవ్వకండి, వాళ్ళ దగ్గరికి అవి రావు, లావు సూదితో గట్టి కుట్టు వేసేస్తారు, ఆ చిల్లులు అలాగే ఉండిపోతాయి. ఇంకో సంగతి, జూన్‌లో కొలత తీసి కుట్టిస్తే నవంబర్‌కి పిల్లాడు ఇంచుమించు అంగుళం పెరిగి ఉంటాడు, కాబట్టి ఒంటికి సరిగ్గా కాకుండా చేతులు అరంగుళం పొడుగుగానే ఉంచమనండి. జిప్పులు, ఎలాస్టిక్, టిచ్ బటన్లు కూడా అక్కడే కొనుక్కోండి, సికింద్రాబాద్ జనరల్ బజార్ వైపు వెళ్తే అన్నీ ఒక్క చోటే దొరుకుతాయి.

జిప్పు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సైజు సరిపోయినా జిప్పు పోయిందని కోటు పడేసేవాళ్ళే ఎక్కువ. పళ్ళు బాగుండి, జిప్పు పెట్టాక వెనక నుంచి విడిపోతుంటే పోయింది జిప్పు కాదు, రన్నర్. రన్నర్ వెనక చూడండి, 5 అనో 3 అనో నంబర్ ఉంటుంది, పిల్లల కోట్లకి ఎక్కువగా 5 ఉంటుంది, అదే నంబర్, అదే రకం పళ్ళకి పట్టేది కొని మార్చుకుంటే సరిపోతుంది, రెండు మూడు డాలర్ల పని. కింద దూర్చే పుల్ల విరిగితే మాత్రం జిప్పు మొత్తం మార్చాలి, దానికి టైలర్ అడిగే డబ్బులకి ఇంకో కోటు వస్తుంది.

చిన్నపిల్లలు కారు సీటులో కూర్చునే వయసు అయితే ఇది తప్పకుండా చూడండి. లావు కోటు మీద హార్నెస్ బెల్టులు పెట్టొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్తుంది, యాక్సిడెంట్ అయితే కోటులో గాలంతా నొక్కుకుపోయి బెల్టు వదులైపోతుంది, పిల్లలు జారి బయటికి వచ్చేస్తారు. పెద్ద సైజు కొని లోపల మడతలు వేసిన కోటు అయితే ఇంకా ప్రమాదం. కారులో పల్చటి ఫ్లీస్ వేసి బెల్టు బిగించి, కోటుని దుప్పటిలా పైన తిరగేసి కప్పండి. ఎక్కువ ప్రయాణం కారులోనే అయితే లావు కోటుని ఆల్టర్ చేయడానికి తిప్పలు పడటం కన్నా మంచి ఫ్లీస్ ఒకటి కొనడం నయం.

కోటు చిన్నదైపోయాక తమ్ముడికి దాచినా, ఇరుగుపొరుగు వాళ్ళు వస్తువులు ఫ్రీగా ఇచ్చిపుచ్చుకునే బయ్ నథింగ్ గ్రూపులో ఇచ్చినా, 1992లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన వన్ వార్మ్ కోట్ లాంటి, కోట్లు సేకరించి లేనివాళ్ళకి పంచే సంస్థలకి పంపినా, ఇచ్చే ముందు చెయ్యి లోపలిది బయటికి తిప్పి మీరు వేసిన ఎర్ర దారం వెతికి పీకేయండి, రిబ్ కఫ్ గట్టిగా ఉంటే ఉంచేయండి, జేబుల్లో చూడండి, ఒకసారి ఉతికి జిప్పు పెట్టి ఇవ్వండి.